కాలవ కట్ట మీద పరుగు సరే, కాయితం మీద మార్కులెట్టా?

తెల్లారగట్ల నాలుగున్నరకి సాగర్ కుడికాలవ కట్ట మీదకి పోయి చూడండి. చీకట్లో సెల్‌ఫోన్ లైట్లు ఊగుతా ఉంటయ్. మన పోరగాళ్లే. ఒకడు కానిస్టేబుల్ పరుగు కోసం, ఇంకోడు ఆర్మీ కోసం, ఇంకోడు ఊరికే స్నేహితుడితో కలిసి. నరసరావుపేట స్టేడియంలోనూ అంతే, మాచర్ల, గురజాల కాలేజీ గ్రౌండ్లలోనూ అంతే. ఒంట్లో సత్తువ లేదని పల్నాడు కుర్రాళ్లని ఎవరూ అనలేరు. అయితే ఆ పరిగెత్తే వాళ్లలో ఒకడిని ఆపి, "తమ్ముడూ, పరిగెత్తేటప్పుడు మోకాలి కింద ముందు ఎముక నొప్పి పెడతంది గదా, అదెందుకు వొస్తంది?" అని అడగండి. "ఏమో అన్నా, అట్టా వొస్తా ఉంటది" అంటాడు.

ఆ "ఏమో" దగ్గరే మన మార్కులు పోతన్నయ్. కొందరికి ఉద్యోగాలు కూడా.

మన బళ్లల్లో ఆటల పీరియడ్ అంటే లెక్కల సారు తీసుకునే పీరియడ్. పదో తరగతి వొచ్చిందంటే అది కూడా టైం టేబుల్లో పేరుకే. ఇంటర్‌కి వొస్తే రాష్ట్ర బోర్డులో ఫిజికల్ ఎడ్యుకేషన్ అనే పేపరే లేదు. అందుకని ఇది చదివే సబ్జెక్ట్ అనే సంగతే మనకి తట్టదు. సీబీఎస్‌ఈలో మాత్రం 11, 12 తరగతుల్లో ఇది పక్కా సబ్జెక్ట్. కోడ్ 048. రాత పరీక్ష 70 మార్కులు, ప్రాక్టికల్ 30. చిలకలూరిపేట దగ్గర మద్దిరాల నవోదయ మొదలు సీబీఎస్‌ఈ బళ్లలో చదివే పల్నాడు పిల్లలు తక్కువేం లేరు. మీ బళ్లో ఈ సబ్జెక్ట్ ఉంటే, దాన్ని ఐదో సబ్జెక్టుగానో ఆరోదిగానో తీసుకుని ఉంటే, ఈ మాటలు ముందు మీ కోసం. రాష్ట్ర బోర్డులో చదివే వాళ్లూ పోవాకండి, మీ సంగతి చివర్లో ఉంది.

ఈ సబ్జెక్ట్ తీసుకున్న వాళ్లలో రెండు రకాలోళ్లని చూస్తాం. ఒకడు జిల్లా లెవల్ కబడ్డీ ఆడినోడు. "నాకు ఆట వొచ్చు, నాకు చదవడమేంది" అంటాడు. రాతలో 70కి 40 దగ్గర ఆగిపోతాడు. రెండోది ఫస్ట్ ర్యాంకు పిల్ల. పుస్తకం మొత్తం బట్టీ పడతది, 600 మీటర్ల పరుగులో సగం దూరానికే కూలబడతది. ఇద్దరిదీ ఒకటే పొరపాటు. ఒంటిని, పుస్తకాన్నీ వేరు చేసి చూడటం. ఈ సబ్జెక్ట్‌ని గట్టెక్కించే ఉపాయం నాకు తెలిసి ఒకటే: పుస్తకంలో ఉన్న ప్రతి ముక్కకీ మన ఊళ్లో, మన ఒంట్లో ఒక జాగా వెతికి పెట్టుకోవటం. ఎట్టాగో చెప్తా.

పన్నెండో తరగతి మొదటి పాఠం ఆటల పోటీలు నడపటం గురించి. ఫిక్చర్లు వేయాలి. చాలామంది ఈ పాఠానికి భయపడతారు, సూత్రాలు ఉంటయ్ కాబట్టి. సంక్రాంతికి మీ ఊళ్లో కబడ్డీ పోటీలు పెట్టరా? చీటీలు తీసి జట్లకి జతలు కట్టేది మీరే గదా? అదే ఈ పాఠం. 11 జట్లు వొచ్చాయనుకో. ఓడినోడు ఇంటికి పోయే పద్ధతి, అంటే నాకౌట్. ప్రతి మ్యాచ్‌లో ఒక జట్టు పోతది, చివరికి ఒకటే మిగలాలి. అంటే 10 జట్లు ఓడాలి, 10 మ్యాచ్‌లు ఆడాలి. జట్ల సంఖ్యలో ఒకటి తీసెయ్, అంతే సూత్రం. అందరూ అందరితో ఆడే లీగ్ పెడితే 11ని 10తో గుణించి రెండుతో భాగించు, 55 మ్యాచ్‌లు. పండగ మూడు రోజుల్లో 55 ఎట్టా ఆడిస్తావ్? అందుకే ఊళ్లల్లో నాకౌట్ పెడతారు. పరీక్షలో "లీగ్‌కి, నాకౌట్‌కి తేడా రాయండి" అని అడిగితే ఈ కారణమే రాయాలి.

ఇక బై. 2, 4, 8, 16, 32 అని పోతా ఉంటే 11కి పైన ఉన్నది 16. పదహారులోంచి పదకొండు తీస్తే 5. ఐదు జట్లకి మొదటి రౌండ్ ఆడకుండానే రెండో రౌండ్. ఎవరికి ఇయ్యాలి? ఊళ్లో అయితే సర్పంచి గారి జట్టుకి ఇస్తారు, అది వేరే సంగతి. పరీక్షలో వరస ఉంది. జట్లని పై సగం ఆరు, కింద సగం ఐదుగా విడగొట్టు. మొదటి బై కింద సగంలో ఆఖరి జట్టుకి, అంటే 11కి. రెండోది పై సగంలో మొదటి జట్టుకి, 1కి. మూడోది కింద సగంలో మొదటిది, 7కి. నాలుగోది పై సగంలో ఆఖరిది, 6కి. ఐదోది మళ్లీ కింద సగంలో ఆఖరి దాని పైనున్న 10కి. ఇంక మొదటి రౌండ్‌లో మిగిలింది 2-3, 4-5, 8-9, మూడే మ్యాచ్‌లు. స్కేలుతో గీతలు గీసి ఒక్క పది నిమిషాలు కూచుంటే ఐదు మార్కుల ప్రశ్న జేబులో పడ్డట్టే. బొమ్మ నీట్‌గా ఉంటే మార్కు కోసేదానికి దిద్దేవాళ్లకి సందు దొరకదు.

బయోమెకానిక్స్ పేరు వింటే బైపీసీ పిల్లలు కూడా బెదురుతారు. దాన్ని తిరనాళ్లలో చూసొచ్చాం. ఎద్దుల బండలాగుడు పోటీలో ఎప్పుడు కష్టం? బండ కదిలేదాకా. జత ఎద్దులు మోకాళ్ల మీద పడి లాగుతయ్. కదిలిందాక నానా తంటా, కదిలాక సాగుతా పోతది. ఆగి ఉన్న దాని మీద ఉండే రాపిడి ఎక్కువ, కదిలే దాని మీద తక్కువ. స్టాటిక్ ఫ్రిక్షన్, కైనెటిక్ ఫ్రిక్షన్ అంటారు వాటిని. అదే రాపిడి పరుగు పందెంలో మనకి మిత్రుడు. స్పైక్స్ ఎందుకేసుకుంటాం? నేల పట్టు దొరకాలని. ఆగిపోవటానికి, మలుపు తిరగటానికి, కూతకి పోయినోడి కాలు పట్టుకోవటానికి రాపిడి కావాలి. స్కేటింగ్‌లో, సైకిల్ చక్రం ఇరుసు దగ్గర అదే శత్రువు. "ఆటల్లో రాపిడి మేలా, కీడా?" అన్నది తరచూ కనపడే ప్రశ్న. రెండు వైపులా ఉదాహరణలు రాసినోడికే పూర్తి మార్కులు.

దెబ్బల పాఠం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే నేను చెడింది ఇక్కడే. ఇంటర్ రోజుల్లో ఒకసారి వాలీబాల్ ఆడతా చీలమండ బెణికింది. ఇంటికి రాగానే వేడినీళ్ల కాపడం, ఆముదం రాసి గట్టిగా తోమటం. మా నాయనమ్మ ప్రేమే అది, తప్పు పట్టను. తెల్లారేసరికి కాలు గుమ్మడికాయంత అయింది, మూడు వారాలు గడప దాటలేదు. బెణికిన మొదటి ఒకటి రెండు రోజులు వేడి పెట్టకూడదు, తోమకూడదు. లోపల చిట్లిన చోట రక్తం ఇంకా చేరతది. పుస్తకంలో దాన్ని ప్రైస్ అంటారు: దెబ్బ తగిలిన చోటుని కాపాడు, కదపకు, బట్టలో చుట్టిన ఐసు పెట్టు, గుడ్డతో బిగువుగా కట్టు, కాలు ఎత్తులో పెట్టు. ఇంగ్లీషులో ప్రొటెక్షన్, రెస్ట్, ఐస్, కంప్రెషన్, ఎలివేషన్. ఈ ఐదు మాటలు రాస్తే మార్కులు, తెలిస్తే కాలు మిగులుద్ది. వాపు తగ్గకపోయినా, కాలు మోపలేకపోయినా నాటు కట్టు జోలికి పోకుండా ఎముకల డాక్టరుకి చూపించటమే.

ఇక్కడ మన మాటలే మనకి సాయం. పరీక్ష ఇంగ్లీషులో గదా, పిల్లలు తడబడేది మాట దగ్గరే, సంగతి దగ్గర కాదు. మోకాలు నేల మీద జారి తోలు చెక్కుకుపోతే అబ్రేషన్. దెబ్బ తగిలి తోలు తెగకుండా కమిలి నల్లబడితే కంట్యూషన్. రేకు గీసుకుని ఎగుడుదిగుడుగా చీలితే లాసెరేషన్, బ్లేడుతో కోసినట్టు తెగితే ఇన్సిషన్. కీలు దగ్గర బెణికితే స్ప్రెయిన్, అది ఎముకకీ ఎముకకీ మధ్యన ఉండే లిగమెంటుకి తగిలింది. తొడ కండ లాగేస్తే స్ట్రెయిన్, అది కండకో, కండని ఎముకకి కట్టే టెండన్‌కో తగిలింది. స్ప్రెయిన్, స్ట్రెయిన్ తారుమారు చేసి మార్కు పోగొట్టుకునే వాళ్లు క్లాసుకి సగం మంది ఉంటారు. స్ట్రెయిన్‌లో 'టి' ఉంది, టెండన్‌లోనూ 'టి' ఉంది. అట్టా గుర్తెట్టుకో. ఒక నోట్సు పుస్తకం తీసుకుని మధ్యలో గీత గీయి. ఎడమ పక్క మన మాట, కుడి పక్క పరీక్ష మాట. ఆటలో దెబ్బ తగిలిన రోజే ఆ రోజు తేదీతో రాసుకో. ఏడాది పొడుగునా రాస్తే ఈ పాఠానికి వేరే గైడు అక్కర్లేదు.

తిండి పాఠం కూడా మన పొలంలోనే ఉంది. పిండి పదార్థం గ్రాముకి 4 కిలోకేలరీలు, మాంసకృత్తులు 4, కొవ్వు 9. మరి మన మిరపకాయ? కారానికి మూలం క్యాప్సైసిన్, దాన్నుంచి శక్తి ఏమీ రాదు. శక్తి ఇయ్యని పదార్థాలకి ఒక ఉదాహరణ రాయమంటే పల్నాడు పిల్లకి ఇంతకన్నా ఏం కావాలి?

యోగా దగ్గర మనకి ఇంకో లాభం. ఉత్తరాది పిల్లల్లాగే మనకీ పేర్లు ముందే తెలిసినయ్. భుజంగం అంటే పాము, ధనుస్సు అంటే విల్లు, మండూకం అంటే కప్ప. పేరులోనే ఆసనం రూపం ఉంది. ఊబకాయం, చక్కెర జబ్బు, ఆస్తమా, రక్తపోటు, నడుం నొప్పి ఇట్టా జబ్బు వారీగా ఆసనాలు గుర్తుండాలి. చేసే పద్ధతి, లాభం, ఎవరు చేయకూడదు, ఈ మూడూ రాయాలి. మూడోదాన్ని మర్చిపోతారు. రక్తపోటు ఎక్కువున్నోళ్లు, హెర్నియా ఉన్నోళ్లు ధనురాసనం వేయకూడదని ఒక్క లైను రాసి చూడు.

కొలతల పాఠం అంటే నాకు ఇష్టం, మీకు కూడా నచ్చుద్ది. మన విశాఖ పిల్ల జ్యోతి యర్రాజీ సంగతి తెలుసా? 100 మీటర్ల హర్డిల్స్. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 సెకన్లలో దూకేసింది. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఉన్న అనూరాధా బిస్వాల్ జాతీయ రికార్డు 13.38. అంటే రికార్డు బద్దలైనట్టే గదా? లెక్కలోకి తీసుకోలా. వెనక నించి వీచే గాలి సెకనుకి 2.0 మీటర్ల దాకానే ఒప్పుకుంటారు, ఆ రోజు 2.1 ఉంది. ఒక్క పాయింటు. మరుసటి నెల సైప్రస్‌లో 13.23 పరిగెత్తి రికార్డు రాయించుకుంది. కొలత నియమం తెలియకపోతే కష్టం ఎట్టా గాలికి పోద్దో చెప్పటానికి ఇంతకన్నా ఏం కావాలి.

హార్వర్డ్ స్టెప్ టెస్ట్ ఇంట్లోనే చేయొచ్చు. మగపిల్లలకి 20 అంగుళాల ఎత్తు, నిమిషానికి 30 సార్లు చొప్పున ఎక్కి దిగాలి, ఐదు నిమిషాలు. మన ఇళ్లల్లో నాపరాళ్ల అరుగులున్నయ్ గదా, టేపుతో కొలిచి చూసుకో. ఆగాక కూచుని, ఒక నిమిషం నించి ఒకటిన్నర దాకా, రెండు నించి రెండున్నర దాకా, మూడు నించి మూడున్నర దాకా నాడి లెక్కపెట్టు. అవి 80, 65, 55 వొచ్చాయనుకో, మొత్తం 200. ఎక్కి దిగిన సెకన్లు 300. మూడొందల్ని నూరుతో గుణించి, రెండు రెట్లు 200 అంటే 400తో భాగించు. 75. ఇది 65కి, 79కి మధ్య ఉంది కాబట్టి సగటుకి కాస్త పైన. నెల నెలా చేసి రాసుకుంటే సూత్రమూ మర్చిపోవు, నీ ఒళ్లు ఎంత కుదురుకుందో కూడా తెలుస్తది. గుండె జబ్బో, ఆస్తమానో ఉన్న పిల్లలు మాత్రం డాక్టర్ని అడక్కుండా దీని జోలికి పోవద్దు.

ప్రాక్టికల్ 30 మార్కులు ఎట్టా పంచుతారో చూడు. ఫిట్‌నెస్ పరీక్షకి 6, ఆటలో నైపుణ్యానికి 7, యోగాకి 7, రికార్డుకి 5, వైవాకి 5. చూశావా, ఒళ్లు వంచకుండా వొచ్చేవి 10 ఉన్నయ్, రికార్డు, వైవా కలిపి. కబడ్డీ మొనగాళ్లు పారేసుకునేవి ఇవే. రికార్డులో నీ ఆట గ్రౌండు బొమ్మ కొలతలతో వేయాలి. కబడ్డీ అయితే మగవాళ్లకి 13 మీటర్లు, 10 మీటర్లు. ఆడవాళ్లకి 12, 8. మధ్య గీత నించి బాక్ లైన్ మగవాళ్లకి 3.75 మీటర్లు, దానికి ఇంకో మీటరు అవతల బోనస్ లైన్. కూత గడువు 30 సెకన్లు. జట్టు మొత్తాన్ని ఔట్ చేస్తే లోనా, రెండు పాయింట్లు అదనం. పదేళ్ల నించి ఆడతన్న కుర్రాడు కూడా కోర్టు కొలత అడిగితే అడుగులేసి చూపిస్తాడు గానీ అంకె చెప్పలేడు. వైవాలో అడిగేది ఆ అంకే.

ఫిట్‌నెస్ పరీక్షలో 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగో నడకో, కూచుని ముందుకి వంగటం, పొట్ట కండరాల బలం, పుషప్స్ ఉంటయ్. ఎత్తు, బరువు కూడా లెక్కేస్తారు. పరిగెత్తే కుర్రాళ్లు చాలామంది వంగటం దగ్గర చిక్కుతారు. తొడ వెనక నరం కర్రలాగా బిగిసిపోయి ఉంటది. రోజుకి పది నిమిషాలు సాగదీస్తే రెండు నెలల్లో వేళ్లు పాదాలు దాటతయ్, అంతకి ముందు దాటవు. ఇక్కడే టైము సంగతి. సీబీఎస్‌ఈ ప్రాక్టికల్స్ జనవరి, ఫిబ్రవరిలో పడతయ్, రాత పరీక్ష ఫిబ్రవరి, మార్చిల్లో. మనకి సరిగ్గా అప్పుడే మిరపకోతలు. ఇంట్లో మనుషులు చాలక పిల్లల్ని కూడా కల్లంలోకి పిలుస్తారు. కాదని ఎట్టా అంటాం? అందుకని ఒంటి పని దసరా సెలవుల నించే మొదలెట్టాలి, రికార్డు సంక్రాంతి లోపు అయిపోవాలి. కోతల్లో పడ్డాక రాతకి చదువుకునేదానికి సందకాడ గంట దొరికితే గొప్ప. ఎండాకాలం పరుగు సంగతి నేను చెప్పనక్కర్లేదు, రెంటచింతల ఎండ రాష్ట్రమంతా ఎరుగుద్ది. ఏడు గంటల్లోపు ముగించి, ఉప్పేసిన మజ్జిగ తాగండి.

ఆడపిల్లల మాట వేరేగా చెప్పాలి. కాలవ కట్ట మీద చీకట్లో లైట్లు ఊగుతయ్ అన్నా గదా, అందులో ఆడపిల్లలవి ఎన్ని? అదే సిలబస్‌లో "ఆటల్లో ఆడవాళ్లు" అనే పాఠం ఉంది. తిండి సరిగా తినకపోవటం, నెలసరి ఆగిపోవటం, ఎముకలు గుల్లబారటం, ఈ మూడూ ఒకదాన్నొకటి ఎట్టా లాక్కొస్తాయో, దాన్నే ఫిమేల్ అథ్లెట్ ట్రయాడ్ అంటారని అందులో రాసుంటది. పాఠం చెప్పే సార్లు చాలాచోట్ల "ఇది మీరే చదువుకోండి" అని పేజీ తిప్పేస్తారు. చెల్లెమ్మా, ఆ పేజీ తిప్పొద్దు. మార్కుల కోసం కాకపోయినా చదువు. గ్రౌండుకి పంపకపోతే డాబా మీద స్కిప్పింగ్, అరుగు మీద స్టెప్ టెస్ట్, గోడకి ఆనుకుని పుషప్స్‌తో మొదలెట్టొచ్చు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది కూడా ఆముదాలవలస, మహానగరమేం కాదు.

రాత పేపరు గురించి క్లుప్తంగా. ఈ మధ్య ఏళ్లలో ఇస్తన్న పద్ధతిలో ఒక మార్కువి 18, రెండు మార్కులవి ఐదు, మూడు మార్కులవి ఐదు, నాలుగు మార్కులవి మూడు, ఐదు మార్కులవి మూడు రాయాలి. నాలుగు మార్కులవి ఒక చిన్న సంఘటన ఇచ్చి అడిగేవి. పాఠం మొత్తం బట్టీ పట్టినోడు ఇక్కడ బోల్తా పడతాడు, ఊరి ఉదాహరణలతో చదివినోడు నవ్వుకుంటా రాస్తాడు. పాత పేపర్లు, మోడల్ పేపర్లు సీబీఎస్‌ఈ వెబ్‌సైట్లో ఉత్తినే దొరుకుతయ్.

ఇప్పుడు రాష్ట్ర బోర్డు పిల్లల సంగతి. మీకు పేపరు లేదు గానీ పరీక్ష ఉంది. ఇంటర్ అయ్యాక పీఈటీ కావాలంటే యూజీడీపీఈడీ, డిగ్రీ అయ్యాక బీపీఈడీ, రెండింటికీ దారి పీసెట్. ఇటీవలి ఏళ్లలో నాగార్జున యూనివర్సిటీనే నడుపుతంది, మనకి దగ్గరే. అందులో ఒంటి పరీక్షకి 400 మార్కులు, ఏదో ఒక ఆటకి 100. మగపిల్లలకి 100 మీటర్లు, 800 మీటర్లు, గుండు విసరటం, ఎత్తుకో పొడవుకో దూకటం. ఆడపిల్లలకి 800 బదులు 400. సీటు ఒంటితో వొస్తది, కానీ కోర్సులోకి పోయాక చదివేదీ, ఆ తర్వాత డీఎస్సీలో రాసేదీ ఈ ఫిక్చర్లు, ఈ దెబ్బలు, ఈ బయోమెకానిక్సే. ఉత్త బలం చాలదని బలవంతుడికే ముందు తెలుస్తది. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు, కలియుగ భీముడని పేరు పడ్డ మనిషి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ విద్య చదివి వొచ్చి విజయనగరంలో బడి పిల్లలకి వ్యాయామం నేర్పాడు.

కానిస్టేబుల్ పరుగుకీ ఇదే పుస్తకం అక్కరకొస్తది. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్లకి పదిన్నర నిమిషాల్లో. ఎనిమిది నిమిషాలంటే 400 మీటర్ల చుట్టుకి రెండు నిమిషాలు. మనోళ్లు మొదటి చుట్టు జనం చూస్తన్నారని నిమిషంన్నరలో కొట్టి, మూడో చుట్టులో నడుస్తారు. ట్రైనింగ్ పాఠంలో ఫార్ట్‌లెక్ అనే పద్ధతి ఉంది. 1930ల్లో స్వీడన్ కోచ్ గోస్టా హోల్మర్ పెట్టింది. గ్రౌండు అక్కర్లేదు, వాచీ అక్కర్లేదు. ఈ తుమ్మ చెట్టు నించి ఆ తుమ్మ చెట్టు దాకా గట్టిగా, అక్కణ్నించి తూము దాకా మెల్లిగా, మళ్లీ గట్టిగా. కాలవ కట్ట దీనికోసమే కట్టినట్టు ఉంటది. వారానికి రెండు రోజులు ఇది, రెండు రోజులు తాపీగా ఎక్కువ దూరం, ఒక రోజు పూర్తి విశ్రాంతి. విశ్రాంతి రోజు కూడా పరిగెత్తినోడికే, ఒక్కసారిగా దూరం పెంచినోడికే మొదట్లో చెప్పిన ఆ ముందు ఎముక నొప్పి. దాని పేరు షిన్ స్ప్లింట్స్. అరిగిన బూట్లు, గట్టి సిమెంటు రోడ్డు కూడా కారణాలే. కట్ట మీద మట్టి దారే మేలు.

చదువుకున్నది ఎక్కిందో లేదో చూసుకునేదానికి ఒక లెక్క ఇస్తా. వొచ్చే సంక్రాంతికి మీ ఊరికి 19 జట్లు వొచ్చినయ్, నాకౌట్. మ్యాచ్‌లు ఎన్ని, బైలు ఎన్ని, మొదటి రౌండ్‌లో ఎన్ని ఆడతారు? గీతలు గీసి చూడు. మ్యాచ్‌లు 18, బైలు 13, మొదటి రౌండ్ మూడే వొచ్చినయ్యంటే సరిపోయింది. రాకపోతే 19 పైన ఉన్న అంకె 32 అని మళ్లీ మొదలెట్టు.